పుస్తకం నాది, మొహం ఎవరిది?

రెండేళ్ళ క్రితం నా మొదటి పుస్తకం అచ్చయింది. పాలమూరు వలసకూలీ స్త్రీల మాటలు, పాటలు, జ్ఞాపకాల మీద చేసిన పిహెచ్‌డి పరిశోధనలోంచి వచ్చిన పుస్తకం అది. 500 కాపీలు వేయించాను. ఖర్చు నాదే. గెస్టు లెక్చరర్‌గా నాకొచ్చే జీతంలో మూడు నెలలది అచ్చుకే పోయింది. నల్గొండలో మా ఇంటి మంచం కింద అట్టపెట్టెలు చేరాయి. నాలుగు నెలలు గడిచేసరికి అమ్ముడైనవి అరవై, ఊరికే పంచినవి నూటయాభై. ఊడ్చిన ప్రతిసారీ పెట్టెలు జరుపుతూ మా అమ్మ ఏమీ అనేది కాదు. అనకపోవడమే కష్టంగా ఉండేది.

"ఫేస్‌బుక్‌లో పెట్టవే, ఎవరికి తెలుస్తుంది లేకపోతే" అన్నారు స్నేహితులు. పెట్టాను. ముఖచిత్రం పెడితే ముప్ఫై ఎనిమిది లైకులు వచ్చాయి. ముందుమాటలోంచి ఒక పేరా పెడితే పద్నాలుగు. నేను చీర కట్టుకుని పుస్తకం పట్టుకున్న ఫోటో పెడితే మూడు వందలు దాటాయి. వ్యాఖ్యల్లో సగం చీర గురించే. ఆ రోజే నాకు విషయం అర్థం కావాల్సింది. అర్థమయింది కూడా. కానీ నేను నేర్చుకోవాల్సింది కాక మరొకటి నేర్చుకున్నాను: అక్షరం కంటే మొహం పోతుంది.

తర్వాత ఒక రాత్రి, పరిశోధన రోజుల్లో తీసిన ఫోటోల్లోంచి ఒకటి తీసి పెట్టాను. డెబ్బై దాటిన ఒక అవ్వ. ముడతల మొహం, చేతిలో చుట్ట, కళ్ళల్లో నవ్వు. ఫోటో కింద ఆమె జీవితంలోంచి రెండు వాక్యాలు రాసి, "ఈమె కథ నా పుస్తకంలో చదవండి" అని ముగించాను. తెల్లారేసరికి వెయ్యి దాటిన లైకులు. ఆ వారంలో నలభై ఒక్క కాపీలు అడిగారు. నాలుగు నెలల్లో నేను చేయలేనిది ఆ మొహం ఒక్క రాత్రిలో చేసింది.

పుస్తకంలో నేను ఆ అవ్వ పేరు మార్చాను. ఊరు మార్చాను. ఏ ప్రాజెక్టు పనికి పోయిందో కూడా మార్చాను. ఆమె నాతో చెప్పిన సంగతి ఇంట్లో కొడుకులకు, కోడళ్ళకు తెలియదని ఆమే చెప్పింది కాబట్టి అంత జాగ్రత్త పడ్డాను. పుస్తకంలో దాచిన మనిషిని ప్రకటనలో చూపించేశాను. ఈ రెండూ చేసింది ఒకే చెయ్యి.

ఆ రెండు వాక్యాలు ఏమిటో ఇక్కడ రాయను. రాస్తే అదే తప్పు రెండోసారి చేసినట్టు.

పదిహేను రోజుల తర్వాత ఆమె మనవరాలి నుంచి ఫోను వచ్చింది. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతోంది. వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఎవరో పంపితే చూసిందట. "మేడం, మా అవ్వ ఫోటో మీరే పెట్టినారా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. అది నిజమా అని అడగడానికి భయపడుతున్న గొంతు అది. నేను పోస్టు తీసేశాను. కానీ అప్పటికే అది నా చేతిలో లేదు. ఫోన్లలో ఫోటోలు తీసి దాచుకున్నవాళ్ళు ఉన్నారు. ఇంట్లో కొడుకు ఆమెతో మాట్లాడటం మానేశాడని తెలిసింది.

నేను వెళ్ళాను. అవ్వ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. చాట ఆపలేదు. "గది నీకు జెప్పిన గదనె బిడ్డా. ఊరికి జెప్పిన్నా?" అంది.

ఈ వ్యాసం ఆ మాటకు జవాబు కాదు. జవాబు లేదు కూడా. కానీ ఆ మాట చుట్టూ నేను ఆలోచించుకోవాల్సింది చాలా ఉంది. ఈ రోజుల్లో పుస్తకం వేసే ప్రతి రచయిత్రీ ఏదో ఒక రాత్రి ఇలాంటి పోస్టు ముందు కూర్చుంటుంది కాబట్టి మీతో పంచుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. ఈ అనుభవం నుంచి చాలామంది పెద్దలు తేల్చే నీతితో నాకు పేచీ ఉంది. "అందుకే రచయిత రాసి ఊరుకోవాలి. పుస్తకాన్ని తానే అమ్ముకోవడం ఏమిటి?" అంటారు. నా పుస్తకం వచ్చిన కొత్తలో ఒక పెద్ద విమర్శకుడు నాతో నేరుగానే అన్నాడు, "ఆడపిల్లవు, అలా అమ్ముకుంటూ తిరగడం చూడటానికి బాగాలేదమ్మా" అని. ఆ వాక్యంలో "అమ్ముకోవడం" అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. మగవాడు బజారుకు వెళితే బజారుకు వెళ్ళినట్టే. ఆడది బజారున పడుతుంది, బజారుకెక్కుతుంది, చివరికి బజారుదే అయిపోతుంది. మన భాష స్త్రీకి, అంగడికి మధ్య ఇంత నింద పెట్టి ఉంచింది.

అయితే ఈ నింద అందరు ఆడవాళ్ళదీ కాదు. మా నల్గొండ సంతలో కూరగాయలు, చేపలు, కుండలు, గాజులు అమ్మే ఆడవాళ్ళు ఎవరూ అమ్మడానికి సిగ్గుపడరు. బేరం ఆడతారు, కేకేసి పిలుస్తారు, తూకం తేడా వస్తే తగువు పెట్టుకుంటారు. అమ్మడం సిగ్గు అన్నది గడప దాటని ఇళ్ళ మర్యాద. ఆ మర్యాదకు కులం ఉంది. అది సాహిత్యంలోకి వచ్చి "నిస్పృహ" అనీ, "సాహితీ సంస్కారం" అనీ పేర్లు పెట్టుకుంది. ఆ సంస్కారం ఉన్నవాళ్ళకు పుస్తకం అమ్మే అవసరం లేకపోవడం వెనుక ఎవరున్నారో చూడాలి. ఆవిష్కరణ సభ పెట్టే మిత్రమండలి ఉంటుంది. ఆదివారం పేజీలో సమీక్ష రాసే పరిచయం ఉంటుంది. కాలేజీలకు, గ్రంథాలయాలకు పుస్తకం చేర్చే పలుకుబడి ఉంటుంది. వాళ్ళ ప్రచారం కనపడదు, అంతే. కనపడని ప్రచారం గౌరవం, కనపడే ప్రచారం ఆత్రం. ఈ లెక్కలో ఎప్పుడూ ఓడేది చుట్టాలెవరూ సాహిత్యంలో లేని ఆడపిల్లే.

మా జిల్లాల చరిత్ర ఈ సంస్కారాన్ని ఒప్పుకోదు కూడా. నల్గొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. పుస్తకాలు వేసి ఊరుకోలేదు. సంచిలో పెట్టుకుని మోసుకుంటూ ఊళ్ళు తిరిగి అమ్మాడు. ఇళ్ళల్లో వంటపని చేసి బతికి, చదువు తనకు తానే సంపాదించుకున్న మనిషికి పుస్తకం మోయడం చిన్నతనం అనిపించలేదు. తర్వాత ఆయనే 'ప్రజల మనిషి' రాశాడు. పాలమూరు వైపు నుంచి సురవరం ప్రతాపరెడ్డి ఉన్నాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా ఆయన తన 'గోలకొండ పత్రిక' ద్వారా కవులను పిలిచాడు, వాళ్ళు పంపిన పద్యాలు కూర్చాడు. 1934లో వచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు లెక్కతేలారు. ఒకరికొకరు తెలియని ఊళ్ళలో కూర్చుని రాసుకుంటున్నవాళ్ళు అచ్చులో ఒకచోట చేరారు. రచయితలు, పాఠకులు తమ కాలంలో దొరికిన సాధనంతో ఒకరినొకరు వెతుక్కోవడం కొత్తదేమీ కాదు.

కానీ ఆ సంచి ఆళ్వారుస్వామి భుజాన ఉన్నంత సులువుగా అప్పట్లో ఒక స్త్రీ భుజాన ఉండగలిగేదా? బాల్యంలో కొంతకాలం దేవరకొండలో గడిపిన భండారు అచ్చమాంబ పెళ్ళి తర్వాత భర్త ఉద్యోగం వెంట తెలుగునేలకు దూరంగా, మధ్య పరగణాల్లో ఉండాల్సి వచ్చింది. 1902లో ఆమె 'ధనత్రయోదశి' కథ వచ్చింది 'హిందూసుందరి'లో. ఆడవాళ్ళ కోసం నడిచే పత్రిక లేకపోతే అంత దూరాన ఉన్న అచ్చమాంబకు తన పాఠకురాలు ఎక్కడ దొరికేది? ఆ పాఠకురాలు తన గడప దాటకుండానే ఆమెను చదవగలిగింది. అచ్చమాంబ 1905లో, ముప్ఫై ఒకటో ఏట చనిపోయేలోపు ఊరూరూ తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. అంటే పత్రిక ఒక్కటే చాలదని ఆమెకు తెలుసు. మనుషుల మధ్యకు వెళ్ళాలనీ తెలుసు.

అందుకే ఫేస్‌బుక్ వచ్చిన కొత్తలో మనలో చాలామందికి అది ఒక విడుదలగా అనిపించడంలో తప్పు లేదు. సంపాదకుడి అనుమతి అక్కర్లేదు. సభకు వెళ్ళడానికి ఇంట్లో అడగక్కర్లేదు. పిల్లలు పడుకున్నాక, గిన్నెలు తోమాక, రాత్రి పదకొండుకు ఒక కవిత పెడితే పదకొండుంపావుకు అమెరికాలో ఒకామె చదివి ఏడ్చిందని రాస్తుంది. మారుమూల మండలంలో టీచరుగా ఉన్న దళిత రచయిత్రి కవితను ఏ ఆదివారం పేజీ వేయకపోయినా వందమంది చదువుతారు. ఆళ్వారుస్వామి సంచి ఇప్పుడు మన చేతిలోకి వచ్చింది. దీన్ని కాదనేవాళ్ళు రచయిత్రులకు ఇంకేం దారి చూపిస్తారో ముందు చెప్పాలి.

అయితే ఆ సంచికి, ఈ సంచికి ఒక తేడా ఉంది. ఆళ్వారుస్వామి సంచిలో ఉన్నవి పుస్తకాలు. సంచి ఆయనదే. ఏ ఊరికి పోవాలి, ఏ ఇంటి తలుపు తట్టాలి అన్నది ఆయన నిర్ణయం. ఇప్పుడు సంచి మనది కాదు. దాని యజమానికి మన పుస్తకం ఎవరికి చేరుతుందన్న పట్టింపు లేదు. జనం ఎంతసేపు కళ్ళు తిప్పకుండా చూస్తారన్నదే కావాలి, ప్రకటనల డబ్బు అక్కడే ఉంది కాబట్టి. పేరా కంటే మొహం ఎక్కువసేపు ఆపుతుంది. ఆలోచన కంటే గాయం ఎక్కువసేపు ఆపుతుంది. పుస్తకం అమ్మడానికి వెళ్ళిన రచయిత్రి కొన్నాళ్ళకు తెలియకుండానే తన మొహాన్ని, ఆ తర్వాత తన గాయాన్ని, అవి చాలనప్పుడు ఇంకొకరి మొహాన్ని, ఇంకొకరి గాయాన్ని పరుస్తుంది. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. చీర ఫోటోకు వచ్చిన మూడు వందలు, అవ్వ ఫోటోకు వచ్చిన వెయ్యి నాకు దారి చూపించాయి, నేను నడిచాను. దారి చూపినవాళ్ళ మీద నెపం పెట్టి తప్పించుకోవడం మాత్రం కుదరదు. నడిచింది నా కాళ్ళే.

మన మొహం చూపించుకోవడం కూడా అందరికీ ఒకేలా ఉండదు. 2021 జులైలో, మళ్ళీ 2022 జనవరిలో, మాట్లాడే ముస్లిం స్త్రీల ఫోటోలు ఎత్తుకెళ్ళి యాప్‌లలో వేలానికి పెట్టారు. వాళ్ళల్లో పాత్రికేయులున్నారు, విద్యార్థినులున్నారు. "ధైర్యంగా ఫోటో పెట్టండి" అని మనం తోటి రచయిత్రులకు చెప్పేటప్పుడు ఆ ధైర్యానికి ఎవరు ఎంత కడతారో చూసి చెప్పాలి. మొహం దాచుకుని రాసే హక్కు కూడా ఒక హక్కే. ఇటలీ రచయిత్రి ఎలెనా ఫెర్రాంటె మొదటి నవల నాటినుంచీ మొహం చూపించలేదు. పుస్తకం తన దారి తాను చూసుకుంటుందని ఆమె పట్టుదల. ప్రపంచమంతా చదివింది. 2016లో ఒక పాత్రికేయుడు ఆమె ఎవరో బయటపెట్టానని ప్రకటించాడు. అందుకు ఆస్తుల లెక్కలు, చెల్లింపుల లెక్కలు తవ్వాడు. పుస్తకాలు కళ్ళముందే ఉన్నా కొందరికి మొహమే కావాలి.

మన దగ్గర ఈ వేట ఫేస్‌బుక్‌తో మొదలు కాలేదు. 1980లలో స్త్రీవాద కవయిత్రులు తమ శరీరం గురించి రాసినందుకు వాళ్ళవి నీలి కవితలన్నారు. 1993లో ఆ కవితల సంకలనం 'నీలిమేఘాలు' అన్న పేరుతోనే వచ్చింది. ఆ తరం తన అనుభవాన్ని తానే బయటపెట్టింది, వచ్చిన నిందను తానే మోసింది. "వ్యక్తిగతమే రాజకీయం" అన్న మాటకు బలం అక్కడిది. ఆ మాటనే నేను అవ్వ విషయంలో వాడుకున్నాను. "ఈ అనుభవం బయటికి రావాలి, దీంట్లో రాజకీయం ఉంది, దీనికి సిగ్గుపడనక్కర్లేదు" అనుకున్నాను. నిజమే, సిగ్గుపడనక్కర్లేదు. కానీ ఆ నిర్ణయం ఎవరిది? నా వ్యక్తిగతాన్ని నేను రాజకీయం చేయగలను. ఆమె వ్యక్తిగతాన్ని నేను రాజకీయం చేస్తే, నింద మోసేది ఆమె, పేరొచ్చేది నాకు. వెయ్యి లైకులు నావి. మాట్లాడటం మానేసిన కొడుకు ఆమెకు.

"మరి పేర్లతోనే వచ్చిన పుస్తకాలున్నాయి కదా" అని ఒక స్నేహితురాలు నన్ను ఓదార్చడానికి అంది. ఉన్నాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు తమ పేర్లతో, తమ గొంతులతో మాట్లాడారు. పోరాట చరిత్రలో తమ పేర్లు లేకపోవడమే అక్కడి అన్యాయం. అక్కడ పేరు పెట్టడం న్యాయం చేయడం. మా అవ్వకు జరిగిన అన్యాయం పేరు లేకపోవడం కాదు. తనదైన ఒక్క సంగతిని యాభై ఏళ్ళు తనదిగా దాచుకుని, ఎవరికి చెప్పాలో తానే ఎంచుకుని, ఒకరికి చెప్పింది. ఆ ఎంపికను నేను లాక్కున్నాను. పేరు పెట్టడం మంచిదా, దాచడం మంచిదా అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. ఆ పేరు మీద అధికారం ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం ఉంటుంది.

అనుమతి తీసుకోలేదా అంటారా? తీసుకున్నాను. యూనివర్సిటీ కాగితం మీద వేలిముద్ర ఉంది. "ఫోటో తీస్కోనా అవ్వా" అంటే "తీస్కో" అంది, చుట్ట కూడా దాచలేదు. కాని ఆమె ఎరిగిన ఫోటో గోడకు వేలాడేది. లేదా ఆల్బంలో ఉండేది. ఆమె ఒప్పుకున్నది దానికి. చదువు లేదు కాబట్టి ఆమెకు తెలియలేదని నేను అనను. నాకు చెప్పడానికి, ఊరికి చెప్పడానికి తేడా ఏమిటో నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఆ తేడా మరిచిపోయింది డాక్టరేటు ఉన్నదాన్ని నేను.

ఇక్కడ ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ నలభై ఒక్క కాపీలు కొన్నవాళ్ళలో చాలామంది మంచి పాఠకులు. కొందరు ఉత్తరాల్లా పెద్ద పెద్ద మెసేజులు రాశారు. ఒకామె తన నాయనమ్మ కూడా మేస్త్రీ వెంట గుంపులో పోయిందని, ఇంతకాలం ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డానని రాసింది. ఆ పోస్టు పెట్టకపోతే ఆమెకు నా పుస్తకం చేరేది కాదు. తప్పు దారిన పోయినా కొన్ని మంచివి జరుగుతాయి. అవి తప్పును ఒప్పు చేయవు, అలాగని ఆ మంచిని అబద్ధమనడమూ కుదరదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకునే ఉండాలి.

నేను ఫేస్‌బుక్ మానేయలేదు. మానేస్తే నా పుస్తకం మళ్ళీ మంచం కిందికే పోతుంది, ఆ పెద్ద విమర్శకుడి మాటే నెగ్గుతుంది. కానీ ఇప్పుడు కొన్ని కట్టడులు పెట్టుకున్నాను. పుస్తకానికి ఏ నీతి పాటించానో దాని ప్రకటనకూ అదే. పుస్తకంలో మొహం లేని మనిషికి పోస్టులో మొహం ఉండదు. నా గాయం గురించి రాయాలనిపిస్తే రాసి ఒక రాత్రి ఆగుతాను. ఇంకొకరి గాయమైతే వాళ్ళకు వినిపించాకే. దీనివల్ల లైకులు పద్నాలుగుకు పడిపోయాయి. ఆ పద్నాలుగు మందిలో పేరా చివరిదాకా చదివినవాళ్ళున్నారు.

పాఠకులతో అనుబంధం, పాఠకులతో అనుబంధం అని ఎంత మాట్లాడుకున్నా, నా పుస్తకానికి మొదటి పాఠకురాలు కావాల్సిన మనిషిని నేను లెక్కలోనే పెట్టుకోలేదు. ఆ రోజు అరుగు మీద చాలాసేపు మాటల్లేకుండా కూర్చున్నాక అవ్వే అడిగింది, "ఇంతకు నా గురించి ఏం రాసినవో సదువు, ఇంట" అని. ఇంట్లో అప్పుడు ఎవరూ లేరు. పుస్తకం తెచ్చినందుకు, ఇన్నాళ్ళూ ఆమెకు చదివి వినిపించనందుకు, రెండింటికీ సిగ్గేసింది. చదివాను. ఆమె కాని పేరుతో, ఆమెది కాని ఊరితో ఉన్న తన కథను చాట పక్కన పెట్టి విన్నది. ఒకచోట నవ్వింది. ఒకచోట కొంగుతో కళ్ళు అద్దుకుంది. ఆమె పొద్దున్నే లేచి తట్టలు మోసిందని నేను రాసిన చోట చెయ్యి అడ్డం పెట్టింది.

"గట్ల గాదు. తట్ట మోసింది రెండో ఏడు. మొదటి ఏడు పసిపిల్లలను ఎత్తుకున్న, మంది పనికి పోతే. రాసుకో."

రాసుకున్నాను. పెన్సిలుతో, పేజీ అంచున. రెండో ముద్రణ వస్తే మారుస్తాను. కొడుకు ఇంకా ఆమెతో మాట్లాడటం లేదు.